బియాంకోఫియోరె: ఇటలీ ‘తెల్ల పువ్వు’ కూటమిపై తరచుగా అడిగే ప్రశ్నలు

2001లో ఇటలీ పార్లమెంటులో కనిపించి, 2002 చివరికల్లా కనుమరుగైన చిన్న కూటమి ఇది. యూరప్ రాజకీయాలు చదివేవారు దీని దగ్గరికి రాగానే ఆగిపోయి, అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. ఎక్కువమందిని తికమక పెట్టేది ఓట్ల శాతానికీ సీట్ల సంఖ్యకూ పొంతన లేకపోవడం: 3.2 శాతం ఓట్లు, దిగువ సభలో 40 సీట్లు. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా అర్థమయ్యేలా రాశాను కాబట్టి కొన్ని పేర్లు, సంవత్సరాలు రెండోసారి ఎదురవుతాయి.

## మొదటి సందేహాలు

ఇంతకీ బియాంకోఫియోరె పార్టీయా, కూటమా?

కూటమే. క్రిస్టియన్ డెమోక్రటిక్ సెంటర్ (సీసీడీ), యునైటెడ్ క్రిస్టియన్ డెమోక్రాట్స్ (సీడీయూ) అనే రెండు చిన్న పార్టీలు 2001 సార్వత్రిక ఎన్నికలకు ఉమ్మడి జాబితాతో వెళ్లాయి. ఆ జాబితా పేరే బియాంకోఫియోరె. ఎన్నికల తర్వాత రెండు సభల్లోనూ అదే పేరుతో ఒక్క గ్రూపుగా కూర్చున్నాయి. బయట మాత్రం రెండు పార్టీలూ ఎవరి కార్యాలయం, ఎవరి నాయకత్వం వారిదిగానే నడిచాయి. 2002 డిసెంబరులో రెండూ కలిసిపోయి కొత్త పార్టీ పుట్టడంతో ఈ పేరుతో పని లేకుండా పోయింది.

‘తెల్ల పువ్వు’ అని ఎందుకు పెట్టుకున్నారు?

ఇటాలియన్‌లో ‘బియాంకో’ అంటే తెలుపు, ‘ఫియోరె’ అంటే పువ్వు. దాదాపు యాభై ఏళ్లు ఇటలీని ఏలిన క్రిస్టియన్ డెమోక్రసీ పార్టీ సభల్లో పాడే పాత గీతం ఈ తెల్ల పువ్వును పిలుస్తూనే మొదలవుతుంది. 2001 నాటికి ఆ పార్టీ లేదు, పాట మాత్రం నడివయసు దాటిన కార్యకర్తల నోట ఇంకా ఉంది. పేరు వినగానే ‘మన పాత పార్టీ మనుషులే’ అని వాళ్లకు తట్టాలి. నా దృష్టిలో ఆ కూటమి చేసిన అత్యంత తెలివైన పని ఈ పేరు పెట్టుకోవడమే.

క్రైస్తవ ప్రజాస్వామ్యం అంటే చర్చి పాలన అనుకోవచ్చా?

అనుకోకూడదు. క్రైస్తవ నీతిని, ముఖ్యంగా 1891లో పోప్ పదమూడో లియో కార్మికుల స్థితిగతులపై విడుదల చేసిన లేఖతో మొదలైన సామాజిక బోధనను, ప్రజాస్వామ్య రాజకీయాలకు ఆధారం చేసుకున్న ధోరణి ఇది. ప్రైవేటు ఆస్తి, మార్కెట్టు ఉండాలంటుంది. బీదసాదలను మార్కెట్టుకే వదిలేయకూడదనీ అంటుంది. కుటుంబం, ఊరు, సంఘం చేయగలిగిన పనిలో ప్రభుత్వం వేలు పెట్టకూడదన్నది మరో మూలసూత్రం. అందుకే ఆర్థిక విషయాల్లో వీరు మధ్యస్థంగా, కుటుంబ విషయాల్లో సంప్రదాయవాదులుగా కనిపిస్తారు.

ఇక చర్చి సంగతి. పాత పార్టీ ఉన్నంతకాలం మతగురువుల మొగ్గు ఎటో అందరికీ తెలుసు. అది చీలిపోయాక, 1995 నవంబరులో పలెర్మోలో జరిగిన చర్చి మహాసభలో పోప్ రెండో జాన్ పాల్, చర్చి ఏ పార్టీ పక్షమూ వహించదని స్పష్టం చేశారు. కాబట్టి 2001లో బియాంకోఫియోరెను ‘చర్చి అభ్యర్థుల జాబితా’ అనడం సరికాదు. కాథలిక్కుల ఓట్లు కుడి, ఎడమ కూటములు రెండింటికీ పంచుకుపోయాయి.

సీడీయూ అంటే జర్మనీలో ఆంగెలా మెర్కెల్ పార్టీ కదా?

పొడి అక్షరాలు అవే, పార్టీలు వేరు. జర్మనీ సీడీయూ 1945లో పుట్టిన మహా పార్టీ. ఇటలీ సీడీయూ 1995లో రొక్కో బుత్తిల్యోనె అనే తత్వశాస్త్ర ఆచార్యుడు పెట్టిన చిన్న పార్టీ. భావజాలంలో చుట్టరికం ఉంది.

## కూటమికి ముందు

అంత పెద్ద పార్టీ ముక్కలెలా అయింది?

1948 ఎన్నికల్లో 48.5 శాతం ఓట్లు తెచ్చుకున్న పార్టీ అది. 1945 డిసెంబరులో ఆల్చిదె దె గాస్పెరి ప్రధాని అయిన నాటి నుంచి 1981 దాకా ఆ కుర్చీలో వేరే పార్టీ మనిషి కూర్చోలేదు. 1992 ఫిబ్రవరి 17న మిలాన్‌లో మారియో కియేజా అనే వృద్ధాశ్రమ సంస్థ అధిపతి లంచం తీసుకుంటూ పట్టుబడ్డాడు. అతను సోషలిస్టు పార్టీ మనిషి. కానీ ఆ ఒక్క తీగ లాగితే డొంకంతా కదిలింది. కాంట్రాక్టుల్లో వాటాలు ఏ పార్టీకి ఎంతెంత వెళ్లాయో పేర్లతో సహా బయటపడుతుంటే, పాలక పార్టీలన్నీ రెండేళ్లలో కూలిపోయాయి. సోవియట్ యూనియన్ పతనమవడంతో ‘కమ్యూనిస్టులు వస్తారు, మాకే వేయండి’ అనే పాత అస్త్రం కూడా అప్పటికే మొద్దుబారింది.

1994 జనవరి 18న మీనో మార్తినాజ్జోలి నాయకత్వంలో పార్టీ తన పేరును ఇటాలియన్ పీపుల్స్ పార్టీగా మార్చుకుంది. ఎటూ మొగ్గకుండా మధ్యలోనే ఉండాలన్నది ఆయన పట్టు. కుడిపక్షంతో కలవాలనుకున్న పియెర్ ఫెర్దినాందో కజీని, క్లెమెంతె మస్తెల్లా అదే రోజు విడిపోయి సీసీడీ పెట్టారు.

సీసీడీ, సీడీయూ ఒకే గూటివే అయితే మొదటినుంచీ ఒక్కటిగా ఎందుకు లేవు?

గూడు ఒక్కటే, ఎగిరిపోయిన సమయాలు వేరు. సీసీడీ 1994లోనే వెళ్లి సిల్వియో బెర్లుస్కోని నడిపే కుడి కూటమిలో చేరింది. ఆయన తొలి ప్రభుత్వంలో మస్తెల్లా కార్మిక మంత్రి. పీపుల్స్ పార్టీలో ఉండిపోయిన బుత్తిల్యోనె అదే ఏడాది జులైలో దానికి కార్యదర్శి, అంటే అధినేత అయ్యారు. 1995 మార్చిలో ఆయనే బెర్లుస్కోనితో పొత్తు ప్రతిపాదించారు. పార్టీ జాతీయ మండలి దాన్ని స్వల్ప తేడాతో తిరస్కరించింది. ఓటమిని ఆయన ఒప్పుకోలేదు, కార్యదర్శిగా ఆయన్ను ప్రత్యర్థులు ఒప్పుకోలేదు. కొన్ని నెలలపాటు ఒకే పార్టీకి ఇద్దరు అధినేతలు. చివరికి బుత్తిల్యోనె వర్గం విడిపోయి సీడీయూ అయింది.

అంటే మొదట వెళ్లినవారు, ఏడాది ఆగి వెళ్లినవారు. బయటివారికి ఇది చిన్న తేడా. ‘నువ్వు మమ్మల్ని కష్టకాలంలో వదిలేశావు’ అనే మాట లోపలివారి మధ్య ఏళ్ల తరబడి నలిగింది.

పాత పార్టీ గుర్తు చివరికి ఎవరికి దక్కింది?

తెల్లటి డాలు మీద ఎర్ర శిలువ, దాని మీద ‘లిబెర్తాస్’ అనే లాటిన్ మాట. ‘స్వేచ్ఛ’ అని దాని అర్థం. 1995 చీలికలో కుదిరిన ఒప్పందం ప్రకారం పేరు పీపుల్స్ పార్టీకి, ఈ గుర్తు బుత్తిల్యోనె సీడీయూకి వెళ్లాయి. పార్టీ పేరు కన్నా గుర్తుకే ఓటరు అలవాటు పడిన దేశంలో ఇది చిన్న ఆస్తి కాదు. ఓట్లలో సీసీడీ కన్నా చిన్నదైన సీడీయూకి పొత్తుల బేరంలో విలువ తెచ్చిపెట్టింది ఈ డాలే. ‘అసలు వారసులం మేమే’ అంటూ తర్వాత పుట్టిన చిన్నాచితకా పార్టీలు గుర్తు కోసం కోర్టుల చుట్టూ చాలా ఏళ్లు తిరిగాయి.

మాజీ కమ్యూనిస్టును ప్రధానిని చేసింది వీళ్లేనని విన్నాను. నిజమా?

సగం నిజం. 1996 ఎన్నికల్లో సీసీడీ, సీడీయూ ఉమ్మడి జాబితాకు 5.8 శాతం ఓట్లు వచ్చాయి. కుడి కూటమి ఓడిపోయింది. ప్రతిపక్షంలో కూర్చోలేక 1998లో మస్తెల్లా సీసీడీని వదిలి, బుత్తిల్యోనె సీడీయూతో కలిసి, మాజీ అధ్యక్షుడు ఫ్రాంచెస్కో కొస్సీగా నాయకత్వంలో యూడీఆర్ అనే మరో కూటమి కట్టారు. ఆ అక్టోబరులో రొమానో ప్రోది నడిపే ఎడమ కూటమి ప్రభుత్వం 312కు 313 ఓట్లతో, ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. తర్వాత మాస్సిమో దాలేమా ప్రధాని కావడానికి యూడీఆర్ ఓట్లే ఊతమిచ్చాయి. కమ్యూనిస్టు పార్టీ నుంచి ఎదిగి వచ్చి ఆ పదవి అందుకున్న మొదటి నాయకుడు ఆయన.

ఇందులో కజీనికి పాత్ర లేదు. ఆయన మిగిలిన సీసీడీతో బెర్లుస్కోని పక్కనే ఉండిపోయారు. యూడీఆర్ 1999లో చెదిరిపోయింది, ఆ తర్వాత బుత్తిల్యోనె కుడి కూటమికి తిరిగొచ్చారు. కాబట్టి 2001లో రెండు పార్టీలూ చేయి కలపడం, పాత తగాదాను పక్కన పెట్టి రెండోసారి కాపురం మొదలుపెట్టడం లాంటిది.

## 2001 ఎన్నికలు

3.2 శాతం ఓట్లకు 40 సీట్లా? ఎక్కడో తప్పు రాసినట్టున్నారు.

ఈ లెక్క చూసి అచ్చుతప్పు అనుకొని నన్ను దిద్దినవారు ఒకరిద్దరు కాదు. తప్పేమీ లేదు. 2001 మే 13న దిగువ సభలోని 630 స్థానాలకు రెండు వేర్వేరు పద్ధతుల్లో ఎన్నిక జరిగింది. 475 స్థానాలు మన నియోజకవర్గాల్లాంటివే, ఎక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థిదే గెలుపు. మిగిలిన 155 స్థానాలను పార్టీల జాబితాలకు వచ్చిన ఓట్ల దామాషాలో పంచారు, అయితే దేశవ్యాప్తంగా 4 శాతం దాటిన జాబితాకే అందులో వాటా.

బియాంకోఫియోరెకు 3.2 శాతం దక్కింది ఈ దామాషా ఓటులో. గీత దాటలేదు కాబట్టి 155లో దానికి ఒక్క స్థానమూ రాలేదు. 40 మందీ నియోజకవర్గాల నుంచి నెగ్గినవారే. అక్కడ వాళ్లు నిలబడింది సొంత జెండాతో కాదు, బెర్లుస్కోని నాయకత్వంలోని ‘కాజా దెల్లె లిబెర్తా’ (స్వేచ్ఛల గృహం) అనే పెద్ద కూటమి ఉమ్మడి అభ్యర్థులుగా. అంటే ఆ 40 మందికి పడినవి ఎక్కువగా మిత్రపక్షాల ఓట్లు. ఎగువ సభలోనూ ఇదే దారిలో 29 మంది వచ్చారు.

మరో ముచ్చట. ఉంబెర్తో బొస్సీ నడిపే ఉత్తర ఇటలీ పార్టీ ‘లేగా’ కూడా అప్పుడు 3.9 శాతంతో గీతకు వెంట్రుకవాసి కింద ఆగిపోయింది. దామాషాలో గీత దాటని ఈ రెండూ ప్రభుత్వంలో భాగస్వాములయ్యాయి.

ఓటరు చేతికొచ్చిన బ్యాలెట్ మీద ఈ పేరు ఉందా?

ఒకదాని మీద లేదు, ఒకదాని మీద ఉంది. పాతికేళ్లు నిండిన ఓటరు 2001లో బూత్‌లోకి వెళ్తే మూడు కాగితాలు ఇచ్చేవారు. దిగువ సభకు రెండు, ఎగువ సభకు ఒకటి. పద్దెనిమిది నిండి పాతిక నిండనివారికి దిగువ సభవి రెండే. వాటితోపాటు ఒక పెన్సిలు. మామూలు పెన్సిలు కాదు, గీస్తే చెరపడానికి వీల్లేని రకం. ఓటేశాక దాన్ని తిరిగి ఇచ్చేయాలి.

దిగువ సభ మొదటి కాగితం మీద ఆ నియోజకవర్గ అభ్యర్థుల పేర్లు. కుడి కూటమి అభ్యర్థి సీసీడీ మనిషైనా, బెర్లుస్కోని సొంత పార్టీ ఫోర్జా ఇతాలియా మనిషైనా పేరు పక్కన కనిపించేది ఉమ్మడి గుర్తే. రెండో కాగితం మీద పార్టీల జాబితాలు విడివిడిగా, అక్కడ బియాంకోఫియోరె ఉంటుంది. ఫోర్జా ఇతాలియా అభిమాని మొదటి కాగితంలో కజీని మనిషి పేరు మీద గీత పెట్టి, రెండో కాగితంలో నిశ్చింతగా తన సొంత పార్టీ మీద గీత పెట్టి బయటికొచ్చేవాడు. 40 సీట్ల కిటుకంతా ఆ రెండు కాగితాల మధ్య ఉంది.

బెర్లుస్కోని అంత ఉదారంగా సీట్లు ఎందుకు వదులుకున్నారు?

ఉదారతేమీ లేదు, 1996లో తగిలిన దెబ్బ గుర్తుంది. అప్పుడు లేగా విడిగా పోటీ చేసి 10 శాతం ఓట్లు చీల్చుకుపోయింది, ఎడమ కూటమి గెలిచింది. ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడిదే సీటు అయినచోట రెండు మూడు శాతం ఓట్లు అటో ఇటో పోతే పదుల కొద్దీ స్థానాలు తారుమారవుతాయి. చిన్న పార్టీ బలం దాని ఓట్లలో ఎంత ఉంటుందో, అది ఎదుటి పక్షానికి వెళ్లిపోతే జరిగే నష్టంలోనూ అంతే ఉంటుంది. సీడీయూ 1998లో ఒకసారి అటు వెళ్లి చూపించింది కూడా.

రెండో కారణం పరువు. 2001లో బెర్లుస్కోని పక్కన ఉన్నది ఫాసిస్టు వారసత్వం నుంచి బయటపడుతున్న నేషనల్ అలయన్స్, ఒకప్పుడు దేశాన్ని విడదీస్తామన్న లేగా. వారి మధ్య ఇద్దరు ముగ్గురు పాత క్రిస్టియన్ డెమోక్రాట్లు నిలబడితే కూటమి ముఖం కాస్త మెత్తబడుతుంది.

విడిగా పోటీ చేసి ఉంటే?

1994 ఫలితం చూస్తే ఊహించవచ్చు. ఆ ఏడాది ఇదే ఎన్నికల చట్టం కింద పీపుల్స్ పార్టీ, పాత క్రిస్టియన్ డెమోక్రాటే అయిన మారియో సేన్యి వర్గం కలిసి ఎటూ చేరకుండా మధ్యలో నిలబడ్డాయి. ఆ రెండు జాబితాలకూ కలిపి 15 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి. 475 నియోజకవర్గాల్లో నెగ్గినవి నాలుగు. ఏడేళ్ల తర్వాత అందులో అయిదో వంతు ఓట్లున్న బియాంకోఫియోరె అవే నియోజకవర్గాల్లో 40 గెలిచింది. పెద్ద కూటమి గొడుగు కింద ఉండటానికీ, ఎండలో నిలబడటానికీ ఉన్న తేడా ఇది.

## పార్లమెంటులో

ఎన్నికలయ్యాక కూడా ఒకే గ్రూపుగా ఎందుకు కొనసాగారు?

నిబంధనల కోసం. అప్పట్లో దిగువ సభలో గ్రూపుగా గుర్తింపు పొందాలంటే మామూలుగా 20 మంది, ఎగువ సభలో 10 మంది కావాల్సి ఉండేది. గ్రూపు ఉంటే సభా కార్యక్రమాలు ఖరారు చేసే నాయకుల సమావేశంలో కుర్చీ, చర్చల్లో సమయం, గదులు, సిబ్బంది, నిధులు దక్కుతాయి. లేకపోతే ఎవరికీ చెందనివారందరినీ కలిపే ‘మిశ్రమ గ్రూపు’లో ఒక మూల కూర్చోవాలి. 40 మందిని రెండు పార్టీలుగా విడదీస్తే, సరిగ్గా సగానికి సగం అయితే తప్ప, ఒకటి 20 లోపు పడిపోతుంది. సీసీడీయే పెద్దది కాబట్టి పడేది సీడీయూ. ఎన్నికల అవసరం తీరాక ఆ పువ్వు వాడిపోకుండా ఉంచింది ఈ కూడికలు తీసివేతలే.

ప్రభుత్వంలో ఏ పదవులు వచ్చాయి?

మంత్రి పదవులు రెండు. బుత్తిల్యోనెకు ఐరోపా వ్యవహారాలు, సీసీడీకి చెందిన కార్లో జొవనార్దికి పార్లమెంటు వ్యవహారాలు. రెండూ పెద్ద బడ్జెట్ ఉన్న శాఖలు కావు. అసలు బహుమతి కజీనికి దక్కిన దిగువ సభ అధ్యక్ష పదవి.

కజీని స్పీకర్ అయితే పార్టీ ఎవరు నడిపారు?

2001 మే 31న కజీని దిగువ సభ కొలువుండే మోంతెచితోరియో భవనంలోని అధ్యక్ష స్థానంలో కూర్చున్నారు. అప్పటికి వయసు 45. ఇటలీలో ఆ స్థానంలో ఉన్నవారు రోజువారీ పార్టీ రాజకీయాలకు దూరంగా ఉండాలన్నది మర్యాద. సీసీడీ పగ్గాలు మార్కో ఫొల్లీని చేతికి వెళ్లాయి. సన్నగా, తక్కువ మాట్లాడే ఆ మనిషి తర్వాత బెర్లుస్కోనికి పెద్ద తలనొప్పి అవుతాడని అప్పుడు ఎవరూ అనుకొని ఉండరు.

కజీని హయాంలో ఒక రోజును మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. 2002 నవంబరు 14న పోప్ రెండో జాన్ పాల్ అదే సభా మందిరానికి వచ్చి ఉభయ సభల సభ్యులనుద్దేశించి మాట్లాడారు. ఇటలీ పార్లమెంటులో పోప్ అడుగుపెట్టడం అదే తొలిసారి. ఖైదీల పట్ల కనికరం చూపమని ఆయన కోరారు. మరుసటి ఏడాది పార్లమెంటు శిక్షలను పరిమితంగా తగ్గించే చట్టం చేసింది. ముక్కలైపోయిన పాత కాథలిక్ పార్టీ నుంచి వచ్చిన మనిషి ఆ వేదిక మీద పోప్‌కు స్వాగతం పలకడం, ఆ తరం కార్యకర్తలకు ఎన్ని మంత్రి పదవులిచ్చినా రాని తృప్తి.

ఇన్నిసార్లు అటూ ఇటూ మారారే, ఫిరాయింపుల చట్టం లేదా?

లేదు. మన దగ్గర 1985 నుంచి రాజ్యాంగం పదో షెడ్యూలు ఉంది, విప్ ధిక్కరిస్తే సభ్యత్వానికే ముప్పు. ఇటలీ రాజ్యాంగం 67వ అధికరణ దీనికి పూర్తిగా ఎదురు. సభ్యుడు యావత్ దేశానికి ప్రతినిధి, ఎవరి ఆదేశానికీ కట్టుబడనక్కర్లేదు అంటుంది. ఎన్నికైన మర్నాడే గ్రూపు మారినా సీటు పోదు.

## కూటమి తర్వాత

ఏడాదిన్నరకే ముగిసిందంటే గొడవపడి విడిపోయారా?

లేదు, కలిసిపోవడం వల్ల ముగిసింది. 2002 డిసెంబరు 6న సీసీడీ, సీడీయూ, సెర్జో దాంతోని నడిపే డెమోక్రాజియా యూరోపియా విలీనమై యూడీసీ అనే ఒకే పార్టీ ఏర్పడింది. ఫొల్లీని కార్యదర్శి, బుత్తిల్యోనె అధ్యక్షుడు. శిలువ డాలు కొత్త పార్టీ గుర్తులోకి చేరింది. ఈ ధోరణి నుంచి పుట్టిన కూటములు చాలావరకు చీలికతో ముగిసిన కాలంలో, విలీనంతో ముగిసిన అరుదైన కూటమి ఇది.

దాంతోని ఎవరు? ఎడమ పక్షం మనిషి కదా?

కాథలిక్ మూలాలున్న పెద్ద కార్మిక సమాఖ్య సీఐఎస్ఎల్‌కు 1991 నుంచి 2000 దాకా ప్రధాన కార్యదర్శి. 2001లో రెండు కూటములకూ దూరంగా పోటీ చేసి, రెండు శాతానికి పైగా ఓట్లు తెచ్చుకున్నారు. యూడీసీలో చేరినా రెండేళ్లకే వదిలి ఎడమ కూటమి వైపు వెళ్లిపోయారు.

యూడీసీ బాగుపడిందా?

కొన్నాళ్లు బాగానే ఉంది. 2006లో 6.8 శాతం ఓట్లు వచ్చాయి. అంతకుముందు 2005 ఏప్రిల్‌లో తన మంత్రులను వెనక్కి పిలిచి బెర్లుస్కోని చేత రాజీనామా చేయించి, కొత్త మంత్రివర్గం ఏర్పరచుకునేలా చేసింది. బియాంకోఫియోరె కాలంలో ఇలాంటి ధైర్యం ఊహించలేం. 2008లో బెర్లుస్కోని పెట్టిన కొత్త పెద్ద పార్టీలో కలవకుండా ఒంటరిగా పోటీ చేసి 5.6 శాతంతో నిలబడింది. 2013లో అప్పటి ప్రధాని మారియో మోంతి కూటమిలో చేరాక 1.8 శాతానికి జారిపోయింది.

బుత్తిల్యోనె పేరు యూరోపియన్ కమిషన్ వివాదంలో విన్నాను. ఆయనేనా?

ఆయనే. 2004లో ఇటలీ ఆయన్ను కమిషనర్‌గా ప్రతిపాదించింది. యూరోపియన్ పార్లమెంటు కమిటీ విచారణలో స్వలింగ సంపర్కం తన విశ్వాసం ప్రకారం పాపమని, అయితే దాన్ని చట్టానికి ముడిపెట్టనని అన్నారు. కమిటీ ఒక్క ఓటు తేడాతో తిరస్కరించింది. ఆయన స్థానంలో ఫ్రాంకో ఫ్రత్తీని వెళ్లారు.

మిగతా నాయకులు తర్వాత ఎటు వెళ్లారు?

జొవనార్ది 2008లో బెర్లుస్కోని పార్టీలోకి. ఫొల్లీని 2006లో యూడీసీని వదిలి, తర్వాత ఎడమ వైపున్న డెమోక్రటిక్ పార్టీలోకి. అన్నిటికన్నా వింత కజీనిది. 2018, 2022 ఎన్నికల్లో తన సొంత నగరం బొలోన్యాలో ఎడమ కూటమి అభ్యర్థిగా నిలబడి సెనెటర్ అయ్యారు. ఒకప్పుడు ఇటలీ కమ్యూనిస్టులకు కంచుకోట ఆ నగరం.

ఇంటర్నెట్‌లో బియాంకోఫియోరె అని వెతికితే ఒక మహిళా నేత ఫొటో వస్తోంది. ఆవిడే స్థాపకురాలా?

కాదు. మికాయేలా బియాంకోఫియోరె బొల్జానోకు చెందిన రాజకీయ నాయకురాలు, 2006లో ఫోర్జా ఇతాలియా తరఫున దిగువ సభకు ఎన్నికయ్యారు. అది ఆమె ఇంటిపేరు. ఆమె సభలో అడుగుపెట్టేనాటికి ఈ కూటమి ఆ సభలో లేకుండాపోయి మూడేళ్లు దాటింది.